క్షురకత్తి ఎవరిది?

మడిచి ఉన్నప్పుడు క్షురకత్తి నిరపాయకరమైన వస్తువు. కొమ్ముతోనో, దంతంతోనో, తరువాతి కాలంలో సెల్యులాయిడ్‌తోనో చేసిన పిడిలో ఉక్కు అలుగు పూర్తిగా ఒదిగిపోయి, చూపరికి కళ్ళజోడు పెట్టె కంటె భయంకరంగా కనిపించదు. విప్పినప్పుడే దాని స్వభావం బయటపడుతుంది. వెన్ను మందంగా ఉంటుంది. వాదర కంటికి ఆననంత పలుచగా ఉంటుంది. రెంటికీ నడుమ రెండు పక్కలా ఉక్కును లోపలికి గుంటపడేలా అరగదీసి ఉంటారు. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్ పట్టణాలు ఈ పనిలో ప్రఖ్యాతి గాంచాయి. అయితే కొన్నంత మాత్రాన ఆ కత్తి యజమానికి లొంగదు. సానరాయి మీద నూరేటప్పుడు వాదర ముందుగా సాగాలి. తోలుపట్టీ మీద రాసేటప్పుడు వెన్ను ముందుగా సాగాలి. ఈ క్రమం తప్పితే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఆనించాలి. వాలు ఎక్కువైతే కోత, తక్కువైతే వెంట్రుక తెగక లాగుడు. వారంలోని ఏడు రోజులకూ ఏడు కత్తులను, ఒక్కొక్క దాని వెన్ను మీద ఆ రోజు పేరు చెక్కి, ఒకే పెట్టెలో అమర్చి అమ్మేవారు. వాడిన కత్తికి విశ్రాంతి కావాలని ఆనాటి పెద్దమనుషుల నమ్మకం. కత్తికి వారానికి ఆరు రోజుల సెలవు ప్రసాదించిన ఆ మర్యాద, కత్తి పట్టే మనిషికి ఎన్నడూ దక్కలేదన్నది వేరే విషయం.

తొలి క్షురకత్తిని సొంతం చేసుకున్న రోజును మగవారు సాధారణంగా మరచిపోరు. ఆ జ్ఞాపకాలన్నింటికీ ఇంచుమించు ఒకే రూపం. తండ్రి పెట్టెలో దొరికినదో, తొలి జీతంతో కొన్నదో ఒక కత్తి, గోడకు వేలాడే చిన్న అద్దం, సబ్బునురగ, చెవి దగ్గర తడబడిన చేయి, గడ్డం కింద ఒక ఎర్రని చుక్క, దానిపై అద్దిన పటిక ముక్క. ఆ తరువాత అద్దంలో కనిపించిన ముఖం తనదే అయినా కొంచెం కొత్తది. బాల్యం నుంచి యౌవనంలోకి, ఇతరుల సంరక్షణ నుంచి స్వాధీనతలోకి అడుగుపెట్టిన ఘట్టంగా ఆ గాటును చెప్పుకోవడం పరిపాటి. ఆ కథనంలో లోపమేమీ లేదు, ఒక మనిషి లోపించడం తప్ప. నిన్నటి వరకు ఆ ఇంటి మగవారి గడ్డాలు గీసిన మనిషి అందులో ఎక్కడా కనిపించడు. స్వాధీనత అంటే ఎవరి నుంచి? కత్తి చేతులు మారిన నాడు ఆ మనిషితో ఉన్న బంధం తెగిందా, రుణం తీరిందా, లేక తెగడానికీ తీరడానికీ అక్కడ అసలేమీ లేదా? కత్తి చిన్న వస్తువే గాని, దానిని వెంబడించే ఈ ప్రశ్న భారతదేశ సామాజిక చరిత్రలో చాలా దూరం తీసుకుపోతుంది.

క్షౌరంలో ఉన్న నమ్మకం అసాధారణమైనది. ఆయుధం లేని మనిషి ఆయుధం పట్టిన మనిషి ముందు కూర్చుని, తల వెనుకకు వాల్చి, కంఠం చాచి, కళ్ళు మూసుకుంటాడు. రాజు సైతం ఇలా కూర్చోవలసిందే. మఖాదేవ జాతకంలో మిథిలను ఏలే రాజు, తన తలలో తొలి నెరిసిన వెంట్రుక కనిపించిన నాడు చెప్పమని క్షురకుణ్ణి ఆజ్ఞాపిస్తాడు. ఏళ్ళు గడిచాక క్షురకుడు ఆ మాట చెప్పి, బంగారు పట్టుకారుతో ఆ వెంట్రుకను లాగి రాజు అరచేతిలో పెడతాడు. రాజు అతనికి ఒక గ్రామాన్ని దానమిచ్చి, రాజ్యాన్ని కుమారునికి అప్పగించి వెళ్ళిపోతాడు. మంత్రులు, పురోహితులు చెప్పడానికి జంకే మాటను చెప్పే చనువు ఆ చేతికే ఉంది.

చాకలి కొత్త, మంగలి పాత అనే తెలుగు సామెత వెనుక ఉన్నదీ ఈ నమ్మకమే. బట్టకు కొత్త చేయి పనికివస్తుంది, కంఠానికి మాత్రం పాత చేయే కావాలి. నేడు నాయీబ్రాహ్మణులుగా పిలువబడుతున్న ఈ వృత్తివారు తెలుగునాట క్షౌరంతో ఆగలేదు. పెళ్ళిలో డోలు, సన్నాయి వారివే. చాలాచోట్ల పురుడు పోసిన మంత్రసానులు వారి ఇళ్ళ స్త్రీలే. వ్రణానికి శస్త్రం, పుండుకు కట్టు వారి పొదిలో నుంచే వచ్చేవి. పుట్టుకలోనూ, పెళ్ళిలోనూ, చావులోనూ ఇంత దగ్గరగా మసలిన మనిషే పొద్దున్నే ఎదురైతే అపశకునం అనిపించుకున్నాడు. అతని చేయి కావాలి, అతని ముఖం వద్దు!

తన గడ్డం తానే గీసుకోవడం ఎల్లెడలా సహజంగా పుట్టిన అలవాటు కాదు. నేర్పవలసి వచ్చిన విద్య. ఫ్రాన్సులో జాన్ జాక్ పెరే అనే కత్తుల తయారీ నిపుణుడు 1769లో దీనిపై ఒక గ్రంథమే ప్రచురించాడు. స్వయంక్షౌరాన్ని అభ్యసించే కళగా దానికి పేరు పెట్టాడు. వాదర చర్మంలోకి లోతుగా దిగకుండా కొయ్య తొడుగు అమర్చిన కత్తిని రూపొందించినవాడూ ఆయనే. తరువాతి శతాబ్దంలో ఇంగ్లండులో మర్యాదస్థుడైన యువకుని దినచర్యలో ఈ విద్య చేరిపోయింది. చదువు కోసం లండన్ వెళ్ళిన భారతీయ విద్యార్థులకు అది అక్కడే అబ్బింది. 1888 నుంచి 1891 వరకు అక్కడ న్యాయశాస్త్రం అభ్యసించిన గాంధీజీ, ఇంగ్లండు వెళ్ళినవారందరూ కనీసం గడ్డం గీసుకోవడమైనా నేర్చుకుంటారని ఆత్మకథలో రాశారు. తల వెంట్రుకలు తామే కత్తిరించుకోవడం మాత్రం ఎవరూ నేర్చుకోరట. ఆ రెండవ విద్యను ఆయనకు దక్షిణాఫ్రికాలో ఒక అవమానం నేర్పింది.

ప్రిటోరియాలో ఒక ఆంగ్ల క్షురకుని దుకాణానికి వెళితే, అతడు తిరస్కారంతో నిరాకరించాడు. గాంధీజీ వెంటనే ఒక క్రాపు మిషను కొని, అద్దం ముందు నిలబడి తన జుట్టు తానే కత్తిరించుకున్నారు. ముందు భాగం ఏదో కుదిరింది; వెనుక భాగం పాడైంది. ఎలుకలు గాని కొరికాయా అని న్యాయస్థానంలో మిత్రులు పగలబడి నవ్వారు. దీనిపై ఆయన చేసిన వ్యాఖ్యలోనే ఈ ఉదంతం విలువంతా ఉంది. ఆ క్షురకునిది తప్పు కాదన్నారు. నల్లవారికి క్షౌరం చేస్తే తెల్లవారు అతని దుకాణానికి రావడం మానేస్తారు. స్వదేశంలో అస్పృశ్యులకు సేవ చేయడానికి క్షురకులను అనుమతించని సమాజంలో పుట్టినవాడికి ఆ పాపఫలం పరాయిగడ్డ మీద ఎదురైందని భావించి, కోపాన్ని అణచుకోగలిగానని చెప్పారు.

ఆ అధ్యాయంలోనే చాకలి బానిసత్వం నుంచి విముక్తి పొందిన విధంగా క్షురకునిపై ఆధారపడటాన్ని కూడా వదిలించుకున్నానని ఆయన అంటారు. కాలరుకు తానే గంజి పెట్టుకుని, అది రాలిపడుతూ ఉండగా కోర్టుకు వెళ్ళిన సంగతీ అక్కడే ఉంది. స్వావలంబనకు ఆయన జీవితంలో ఉన్న స్థానం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. అయినా చరిత్ర వైపు నుంచి చూసేవారికి ఆ బానిసత్వం అనే మాట దగ్గర కొంత ఇబ్బంది తప్పదు. సేవ పొందేవాడు తన్ను తాను బానిసగా, విముక్తుడుగా చెప్పుకుంటున్నాడు. సేవ చేసేవాడి బంధనాల ప్రస్తావన ఆ వాక్యంలో లేదు. ప్రిటోరియా క్షురకునికి కాదనే స్వేచ్ఛ గాని, అవుననే స్వేచ్ఛ గాని నిజానికి లేదని గుర్తించినవారు, తమ స్వేచ్ఛను మాత్రం క్షురకుని నుంచి పొందిన విముక్తిగా వర్ణించడం కొంత వింతగానే తోస్తుంది.

అదే నిరాకరణను మరొక బాలుడు సముద్రం దాటకుండానే ఎరిగి ఉన్నాడు. డాక్టర్ అంబేద్కర్ రాసిన ‘వీసా కోసం నిరీక్షణ’ అనే చిన్న స్మృతిరచనను 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ప్రచురించింది. సతారాలో గడిచిన బాల్యాన్ని ఆయన అందులో జ్ఞాపకం చేసుకున్నారు. బడిలో కూర్చోవడానికి గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకోవాలి. దాహమైతే ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్ళు. బట్టలు ఇంట్లో అక్కలే ఉతికేవారు. మగపిల్లల తలలకు క్షౌరం కూడా అక్కే చేసేది. సతారాలో క్షురకులు లేక కాదు. డబ్బు చెల్లించలేక కాదు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు హోదాలో పనిచేసినవారు. అస్పృశ్యుని తలకు కత్తి ఆనించడానికి ఏ క్షురకుడూ ఒప్పుకోడు గనుక అక్క చేయవలసి వచ్చింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా ఆ బాలుని వైపు నుంచి చదువుతారు. ఆ అక్క వైపు నుంచి చదివినప్పుడు దాని బరువు మరొక విధంగా తెలుస్తుంది. ఆ కాలంలో ఆడపిల్ల చేతికి క్షురకత్తి అందే ఆచారం సాధారణంగా లేదు. క్షురకుని ఇంట్లో పుట్టిన బాలుడైతే తండ్రి పక్కన కూర్చుని, ఏళ్ళ తరబడి చూసి, పిడి పట్టడం, చర్మాన్ని బొటనవేలితో బిగించడం, ముంజేతి వెంట్రుకల మీద పదును పరీక్షించడం నేర్చుకున్న తరువాత గాని మరొకరి తల ముట్టడు. ఆమెకు గురువు లేడు. తప్పు చేస్తే తెగేది తమ్ముడి తల. ఆమెకు కూడా ఒక తొలి కత్తి ఉండే ఉండాలి. కాని అది యౌవనానికో, స్వాధీనతకో గుర్తుగా అందినది కాదు. ఊరు మూసిన తలుపుకు బదులుగా ఇంట్లోకి వచ్చిన పనిముట్టు అది.

స్వావలంబన అనే పదాన్ని ఇక్కడ చాలా జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. లండన్‌లో చదివిన యువకుడు క్షురకుడు అందుబాటులో ఉండి కూడా తన కత్తి తాను పట్టాడు. అది సద్గుణమే. ప్రిటోరియాలో గాంధీజీ ఒక తిరస్కారానికి జవాబుగా మిషను కొన్నారు. అందులో ఆత్మగౌరవం ఉంది. సతారా ఇంట్లో ఎంపిక లేదు, జవాబు చెప్పే అవకాశమూ లేదు. దారులన్నీ మూసి, మిగిలిన ఒక్క సందులో నడిచినవారిని స్వావలంబులని మెచ్చుకుంటే ఆ మెప్పు చివరకు దారులు మూసినవారికే చెందుతుంది. చేనేతకారుణ్ణి, చెప్పులు కుట్టేవాణ్ణి, వెలివాడలో సొంత బావి తవ్వుకున్నవాణ్ణి వేదికల మీద ప్రశంసించే ఉపన్యాసాలలో ఈ పొరపాటు తరచుగా దొర్లుతూ ఉంటుంది.

అలాగని సతారా క్షురకులను ముద్దాయిలుగా నిలబెట్టి ఊరుకోవడమూ న్యాయం కాదు. గ్రామవ్యవస్థలో క్షురకునికి నెలజీతం లేదు, తలకింత అనే కూలీ లేదు. పంట కళ్ళానికి వచ్చినప్పుడు రైతు కొలిచి ఇచ్చే మేరతోనే సంవత్సరమంతా గడవాలి. ఆ గింజలు కొలిచే చేయి ఎవరి తల గొరగవచ్చునో, ఎవరి తల గొరగరాదో కూడా నిర్ణయించేది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో ఆ మాత్రం కొలతకు కూడా చాలాచోట్ల దిక్కులేదు. దొర గడీ నుంచి కబురు రాగానే పొది పట్టుకుని వెళ్ళవలసిందే, అది వెట్టి. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధపోరాటం మొదట ఎక్కుపెట్టిన అన్యాయాలలో వృత్తికులాల చేత చేయించుకున్న ఈ వెట్టి ఒకటి. కత్తి క్షురకునిదే, దానిని పట్టిన చేయి మాత్రం అతనిది కాదు.

ఇది గతించిన కథ అనుకోవడానికీ వీలులేదు. 2020లో కర్ణాటకలోని మైసూరు జిల్లా నంజన్‌గూడు తాలూకాకు చెందిన ఒక గ్రామంలో, దళితులకు క్షౌరం చేసినందుకు క్షురకుని కుటుంబాన్నే సాంఘికంగా బహిష్కరించి జరిమానా విధించినట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. ప్రిటోరియా క్షురకుణ్ణి గాంధీజీ ఎందుకు క్షమించారో ఆ వార్త చదివినవారికి వేరే వివరణ అవసరం లేదు.

మరి ఆ చేయి ఎన్నడైనా తనదయిందా? అయిన సందర్భాలు ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో అగ్రవర్ణ కుటుంబాలలో భర్త పోయిన స్త్రీకి, ఆమె పదేళ్ళ పిల్ల అయినా సరే, శిరోముండనం చేయించే ఆచారం దేశంలో అనేక ప్రాంతాలలో ఉండేది. సంస్కర్తలు దానిని ఖండిస్తూ గ్రంథాలు రాశారు, సభలు జరిపారు. తెలుగుదేశంలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. అయితే ముండనం జరగాలంటే శాస్త్రం చాలదు, కత్తి కావాలి. ఈ సత్యం బొంబాయి క్షురకులకు తట్టింది. మహాత్మా ఫూలే స్థాపించిన సత్యశోధక ఉద్యమ ప్రభావంతో 1890లో అక్కడి క్షురకులు సభ జరిపి, ఇకపై వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించారు. చదువుకున్నవారు ధర్మశాస్త్రాల అర్థంపై వాదించుకుంటూ ఉండగా, చదువులేనివారు కత్తి మడిచి పొదిలో పెట్టారు. ఆ పని వల్ల వచ్చే ఆదాయాన్ని వదులుకుని మరీ పెట్టారు.

సతారాలోనూ క్షురకుడు నిరాకరించాడు, బొంబాయిలోనూ క్షురకుడు నిరాకరించాడు. కత్తి ఒకటే, మాట ఒకటే. ఒకటి అన్యాయం, మరొకటి ధర్మం ఎలా అయ్యాయన్నది నీతిశాస్త్రంలో ఆలోచించదగిన ప్రశ్న. సతారాలో నిరాకరణకు కారణం ఎదుట కూర్చున్న మనిషి పుట్టుక; చేయవలసిన పనిలో దోషమేమీ లేదు. బొంబాయిలో నిరాకరణకు కారణం ఆ పనే. ఎదుట కూర్చున్న స్త్రీ పట్ల తిరస్కారం లేదు, ఉన్నదంతా జాలి. మొదటి దానిలో క్షురకుడు ఇతరుల ఇచ్ఛను అమలు జరిపాడు. రెండవ దానిలో తన ఇచ్ఛను ప్రకటించాడు. ఇంతవరకు విభజన స్పష్టంగానే ఉంది. కాని తన విశ్వాసం కొద్దీ తానే కోరి వచ్చి తల వంచిన వితంతువు మాటేమిటి? ఆమె కోరికలో ఎంత భాగం ఆమెది, ఎంత భాగం ఊరిది? ఆ తూకం వేయడం క్షురకుని పనేనా? బొంబాయి తీర్మానాన్ని మెచ్చుకునేవారు ఈ చిక్కును దాటవేస్తారు. చిక్కు ఉన్నంత మాత్రాన తీర్మానం విలువ తగ్గదు. నిరాకరించే అధికారం చేతికి వచ్చినవాడు ప్రతిసారీ ఎదుటి ముఖాన్ని కొత్తగా చూడవలసి ఉంటుందన్నదే దాని నుంచి తేలుతుంది.

కత్తి తల మీదికి బలవంతంగా వచ్చిన సందర్భాలూ లేకపోలేదు. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేసి అవమానించారు. ఆ కేసులో విశాఖపట్నంలోని న్యాయస్థానం దోషులకు శిక్ష విధించినది 2024 ఏప్రిల్‌లో. నడుమ గడిచినవి 27 సంవత్సరాలు. అడిగిన తరానికి అందని కత్తి, అడగని తరం తల మీదికి శిక్షగా వచ్చింది. రెండు సందర్భాలలోనూ చెప్పదలచినది ఒక్కటే: నీ తల నీది కాదు.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి బాగా తెలుసు. 1948 నవంబరు 29న రాజ్యాంగ పరిషత్తులో, దుకాణాలలోకి, బావుల వద్దకు ఎవరికైనా ప్రవేశం ఉండాలనే అధికరణంపై చర్చ జరిగినప్పుడు, దుకాణం అనే మాటకు అర్థమేమిటన్న ప్రశ్న వచ్చింది. సరుకు అమ్మే చోటు మాత్రమేనా? అంబేద్కర్ దానికి విస్తృతమైన అర్థం చెప్పారు. సేవ కోరి వచ్చిన వారెవరికైనా తన సేవను అందించడానికి సిద్ధపడి కూర్చున్న ప్రతివాని చోటూ దుకాణమే అన్నారు. ఆ నిర్వచనంలోకి క్షురకశాల, చాకలిశాల మొదలుకొని వైద్యుని గది వరకు అన్నీ వస్తాయి. పదవిభజన చేసి చెప్పిన ఆ శాసనభాషలో ఎక్కడా కంటతడి లేదు. సతారాలో తమ్ముళ్ళకు క్షౌరం చేసిన అక్క సంగతి తెలిసి దానిని చదివేవారికి మాత్రం ఆ నిర్వచనం ఏ వీధి నుంచి నడిచి వచ్చిందో అర్థమవుతుంది. తరువాత 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం, సేవ నిరాకరించడాన్ని శిక్షార్హం చేసింది. 1976 సవరణతో దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మారింది.

చట్టం దుకాణం తలుపు తెరిపించగలదు. కత్తి పట్టినవాని మనస్సును తెరిపించడం దాని చేతిలో లేదు. ఈ విషయంలో చట్టం కంటె చాలా పూర్వం ఆలోచించినది బౌద్ధసంఘం. భిక్షువు సొంతం చేసుకోదగిన వస్తువులు సంప్రదాయం ప్రకారం ఎనిమిది: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, క్షురకత్తి, సూది, నడికట్టు, నీటిని వడకట్టే గుడ్డ. సర్వం త్యజించినవానికి కూడా కత్తి మిగిలింది. వినయపిటకంలోని చుల్లవగ్గం కత్తితో పాటు దాని సానరాయిని, ఒరను కూడా అనుమతించింది. అయితే మహావగ్గంలో ఒక విచిత్రమైన నిషేధం ఉంది. పూర్వాశ్రమంలో క్షురకుడైనవాడు మాత్రం క్షురకుని పరికరాలు వెంట ఉంచుకోరాదు.

ఆ నియమం పుట్టిన కథ ఆతుమా పట్టణంలో జరిగింది. ముసలితనంలో సన్యసించిన ఒక క్షురకుడు, బుద్ధుడు సంఘంతో వస్తున్నాడని విని, వృత్తిలో ఆరితేరిన తన ఇద్దరు కుమారులను కత్తి పొదితో ఇంటింటికీ పంపాడు. ఉప్పు, నూనె, బియ్యం పోగుచేసి తెమ్మన్నాడు. క్షౌరం అవసరం లేనివారు సైతం ఆ కుర్రవాళ్ళ నేర్పునూ, మాటతీరునూ చూసి చేయించుకుని ఎక్కువగానే ఇచ్చారు. తెల్లవారి ముసలి భిక్షువు జావ కాచి వడ్డించబోతే, బుద్ధుడు ఆ సామగ్రి ఎలా వచ్చిందో అడిగి తెలుసుకుని మందలించి, ఈ నియమం చేశాడు. అందరికీ అనుమతించిన వస్తువును ఒక్కడికి నిషేధించడం పైకి పక్షపాతంగా కనిపిస్తుంది. కాని ఇతర భిక్షువుల చేతిలో కత్తి తల గొరుక్కునే పనిముట్టు; అతని చేతిలో అది పాత జీవితం, పాత రాబడి, పాత పలుకుబడి. వస్తువు ఒకటే అయినా యాజమాన్యం ఒకటి కాదని ఇంత సూక్ష్మంగా గుర్తించిన నియమాలు ధర్మశాస్త్రాలలో అరుదు.

ఇంతకూ ప్రథమ సంగీతిలో, రాజగృహంలో, మహాకాశ్యపుడు ప్రశ్నిస్తూ ఉండగా వినయనియమాలను అప్పగించినవాడు ఉపాలి అని బౌద్ధ సంప్రదాయం. ఆ ఉపాలి శాక్యుల ఇంటి క్షురకుడు. శాక్య రాజకుమారులు సన్యసించడానికి వెళుతూ తమ ఆభరణాలు మూటగట్టి అతనికి ఇచ్చి వెనుకకు పొమ్మన్నారు. అతడు ఆ మూటను చెట్టుకొమ్మకు తగిలించి వారి వెంట నడిచాడు. రాజకుమారులు తమ కులగర్వం అణగాలని, అతనికే ముందుగా దీక్ష ఇమ్మని బుద్ధుణ్ణి కోరారు. ముందు దీక్ష పొందినవానికి తరువాతివారు నమస్కరించాలి గనుక, నిన్నటి దాకా తల వంచి క్షౌరం చేయించుకున్నవారు నేడు అదే మనిషి ముందు మళ్ళీ తల వంచారు. క్షురకుడు కత్తి ఉంచుకోరాదనే నియమాన్ని సంఘానికి కంఠతా చెప్పిన గొంతు కూడా ఒక క్షురకునిదే. అప్పుడు ఆ గొంతు పలికిన తీరును ఏ గ్రంథమూ వర్ణించలేదు, పాఠకుడు ఊహించుకోవలసిందే.

ఇరవయ్యవ శతాబ్దం ఈ చిక్కులన్నింటికీ చవకైన పరిష్కారం కనిపెట్టింది. కింగ్ క్యాంప్ జిల్లెట్ కంపెనీ 1903లో అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు అందినవి సుమారు 35 లక్షల రేజర్లు. నూరడం లేదు, తోలుపట్టీ లేదు, వాలు లెక్క లేదు, మొద్దుబారితే పారవేయడమే. కత్తి సొంతం చేసుకోవడానికి నేర్పు అవసరం లేకుండా పోయిన తరువాత, తొలి కత్తి జ్ఞాపకం కూడా క్రమంగా పలుచబడింది. క్షురకశాలలో మడతకత్తి మరికొంత కాలం నిలిచింది. 1990ల నాటి ఎయిడ్స్ ప్రచారం దానిని అక్కడ నుంచి కూడా చాలావరకు తప్పించింది. ఇప్పుడు క్షురకుడు కొత్త బ్లేడును గిరాకీ ఎదుటే విప్పి, నిలువునా రెండుగా విరిచి, సగాన్ని పిడిలో బిగిస్తాడు. పూర్వం నమ్మకం చేతి మీద ఉండేది, ఇప్పుడు కాగితం పొట్లం మీద ఉంది. ఇది క్షేమమే, సందేహం లేదు. ఈ మార్పులో క్షురకునికి దక్కినది కూడా తక్కువేమీ కాదు: మేర కోసం కళ్ళం దగ్గర నిలబడటం పోయి, గోడ మీద రేట్ల పట్టిక వచ్చింది. పట్టికలో తలకు ఒకే ధర. అది ఎవరి తల అన్న ప్రశ్నకు దానిలో గడి లేదు.

తిరుమల కల్యాణకట్టలో ఆ ధర కూడా లేదు. యాత్రికుడు టోకెను, బ్లేడు తీసుకుని, ఖాళీగా ఉన్న క్షురకుని ముందు కూర్చుంటాడు. కులం అడిగే వ్యవధి ఇద్దరికీ ఉండదు. కొండ దిగిన తరువాత ఆ ఇద్దరే తమ ఊళ్ళో ఎదురుపడితే ఎలా మసలుకుంటారన్నది కల్యాణకట్ట చెప్పగలిగిన విషయం కాదు.

ప్రిటోరియాలో మిషను కొన్న గాంధీజీ కథకు ఒక కొనసాగింపు ఉంది. 1908 జనవరిలో జొహాన్నెస్‌బర్గ్ జైలులో ఉన్నప్పుడు అధికారుల నుంచి కత్తెర, మిషను అడిగి తీసుకుని, తోటి భారతీయ ఖైదీలకు ఆయన స్వయంగా క్షౌరం చేశారు. విముక్తి కోసం కొన్న పనిముట్టు అక్కడ ఇతరుల తలల మీదికి వెళ్ళింది. బారిస్టరు చేతిలో అది సేవ అయింది. దానిని అందరూ మెచ్చుకున్నారు. అదే పనిని అంతకు ముందే సతారాలో చేసిన బాలికను మెచ్చుకున్నవారు ఎవరూ లేరు, ఒక్క తమ్ముడు తప్ప. ఆయన ఆ సంగతి రాసిన క్రమం గమనించదగినది. క్షురకులు ఎందుకు రాలేదో, తాము ఎవరమో చెప్పడానికి ముందు, తమ్ముళ్ళ తలల మీద అభ్యాసం చేసి చేసి అక్క ఆ విద్యలో నిపుణురాలైపోయిందని రాశారు. ఊరు చేసిన అవమానం ఆ తరువాతి వాక్యాలలో గాని రాలేదు.